పాస్‌వర్డ్ కంటే ముందు నేర్పాల్సింది

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీల్లో పనిచేసే ఎవరినడిగినా ఈ సంగతి చెప్తారు. హెచ్ఆర్ పేరుతో ఒక మెయిల్ వస్తుంది. బోనస్ వివరాలు చూసుకోండంటూ ఒక లింకు. ఆత్రం కొద్దీ నొక్కితే బోనస్‌కు బదులు వేరే పేజీ తెరుచుకుంటుంది. ఇది మన సెక్యూరిటీ టీమ్ పెట్టిన పరీక్ష, మీరు తప్పారు, ఈ ట్రైనింగ్ వీడియో చూడండి అని. నలుగురూ నవ్వుకుంటారు, వీడియో చూస్తారు, మళ్లీ పనిలో పడతారు. మెయిల్ పెట్టె పైన అనుమానం వస్తే నొక్కడానికి 'రిపోర్ట్' బటన్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నిజంగానే దొంగ లింకు నొక్కేసిన ఉద్యోగి వెంటనే ఫోన్ చేసి చెప్తే సెక్యూరిటీ వాళ్లు ముందు నష్టాన్ని ఆపుతారు, కారణాలు తర్వాత వెతుకుతారు. ఉద్యోగం పోతుందేమోనని అతను రెండు రోజులు దాచిపెడితే అసలు నష్టం ఆ రెండు రోజుల్లోనే జరిగిపోతుంది. కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వచ్చి చెప్పినవాణ్ని తిట్టవద్దని మేనేజర్లకు మరీ మరీ చెప్తాయి.

అదే మేనేజర్ ఇంటికొచ్చాక తొమ్మిదేళ్ల కొడుకు గేములో ఏదో లింకు నొక్కాడని తెలిస్తే ఏమంటాడు? "నీకెన్నిసార్లు చెప్పాలిరా! ఇటివ్వు ఫోను. నెల రోజులు ముట్టుకున్నావంటే చూడు!" ఆ పూట పిల్లాడు నేర్చుకునే పాఠం ఒక్కటే. ఈసారి ఏం జరిగినా నాన్నకు చెప్పకూడదు.

ఈ అధ్యాయం ఆ ఒక్క పాఠాన్ని చెరిపేయడానికే.

సైబర్ రంగం హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2003లో సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ వచ్చింది. 2023లో తెలంగాణ అంతటికీ కలిపి సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఏర్పడింది. 2025 జూన్‌లో గూగుల్ తన సేఫ్టీ ఇంజినీరింగ్ సెంటర్‌ను హైదరాబాద్‌లో తెరిచింది. ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో ఆ సంస్థకు అలాంటి కేంద్రం ఇదే మొదటిది. బయటి దేశాల బ్యాంకుల సర్వర్లకు కాపలా కాసేవాళ్లు కూడా కొండాపూర్, నల్లగండ్ల, కోకాపేట అపార్టుమెంట్లలో ఉంటారు. ఆ విద్య ఫ్లాటు తలుపు దాటి లోపలికి మాత్రం రావడం లేదు. రాకపోవడానికి ఒక కారణం మరీ మామూలుది. అమెరికా వాళ్లకు తెల్లవారే వేళకు మనకు రాత్రవుతుంది. ఏడు నుంచి పదకొండు దాకా అమ్మానాన్నలిద్దరూ హెడ్‌సెట్లు పెట్టుకుని కాల్స్‌లో ఉంటారు. పిల్లల చేతికి ఫోను అందేదీ, పలకరించే పెద్దవాళ్లు లేనిదీ సరిగ్గా ఆ నాలుగు గంటలే.

మొదటి మాట

పాస్‌వర్డులు, ప్రైవసీ సెట్టింగులు, స్క్రీన్‌టైమ్ లెక్కలు వీటన్నిటికంటే ముందు పిల్లలకు ఒక హామీ ఇవ్వాలి. చేతికి పరికరం ఇవ్వకముందే ఇవ్వాలి. ఇలా చెప్పొచ్చు:

"కన్నా, ఫోన్లో నీకు భయం వేసేదేదైనా కనిపించినా, ఎవరైనా వింతగా మాట్లాడినా, నువ్వే ఏదైనా పొరపాటు చేసినా నాకు చెప్పు. చెప్పినందుకు తిట్టను. చెప్పినందుకు ఫోను తీసుకోను. ముందు ఇద్దరం కలిసి సరిచేద్దాం."

చెప్పడం తేలిక. నిలబెట్టుకోవడమే కష్టం. పిల్లలు ఈ మాటను వెంటనే నమ్మరు, పరీక్షిస్తారు. ముందు చిన్న విషయం తెస్తారు. "నాన్నా, గ్రూపులో ఎవరో బూతు స్టిక్కర్ పెట్టారు" అంటారు. అప్పుడు మీ ముఖం ఎలా మారుతుందో గమనిస్తారు. "ఎవడాడు? ఆ గ్రూపులో ఎందుకున్నావు అసలు?" అని మీరు విరుచుకుపడితే పెద్ద విషయం మీదాకా రాదు. "మంచిపని చేశావు చెప్పి. నీకేమనిపించింది చూడగానే?" అని అడిగితే రెండో విషయం, మూడో విషయం వస్తాయి.

మరి తప్పు చేస్తే శిక్ష వద్దా అని కొందరు తాతయ్యలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రి రెండింటిదాకా గేమాడితే దానికి తగిన కట్టడి పెట్టండి. తనంతట తాను వచ్చి చెప్పిన విషయానికి మాత్రం శిక్ష వేయకండి. పిల్లల మీద వల వేసేవాళ్లు మొదట చెప్పేదే "మీ అమ్మకు తెలిస్తే నిన్ను చంపేస్తుంది" అని. మనం ఇంట్లో ఏం అంటామో వాళ్లకు బాగా తెలుసు.

ఏ వయసుకు ఏది

ఆరేళ్ల లోపు వాళ్లకు పాఠాలు అక్కర్లేదు. హాల్లో, పెద్దవాళ్ల కళ్ల ముందు చూడటం ఒక్కటి అలవాటు చేస్తే చాలు. ఈ వయసులో అసలు ప్రమాదం పెద్దవాళ్ల ఫోన్లతోనే వస్తుంది. ప్లే స్టోర్‌లో కార్డు వివరాలు దాచి ఉంచి, కొనే ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగే సెట్టింగు పెట్టకపోతే, పసివేలు తగిలి గేములో బొమ్మలు కొనేయడం ఇక్కడ ఇంటింటి కథ. ఆ సెట్టింగు ఈ పూటే పెట్టేయండి.

ఏడు నుంచి పదేళ్ల వయసు ఈ చదువుకు బంగారంలాంటి కాలం. ఈ వయసులో పిల్లలు మన మాట ఇంకా వింటారు, పైగా రూల్స్ అంటే ఇష్టపడతారు. మూడు నాలుగు విషయాలు ఆటలాగా నేర్పొచ్చు. ఇంటి చిరునామా, బడి పేరు, బస్సు నంబరు ఆన్‌లైన్‌లో ఎవరికీ చెప్పకూడదు. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదు, మావయ్య పేరుతో అడిగినా సరే. యూపీఐ పిన్ డబ్బు పంపడానికి కావాలి, రావడానికి అక్కర్లేదు. డబ్బు 'రావడానికి' పిన్ కొట్టమన్నాడంటే వాడు దొంగే. ఉచితంగా రోబక్స్ ఇస్తాం, ఫ్రీ ఫైర్ డైమండ్లు ఇస్తాం, బీజీఎంఐ యూసీ ఇస్తాం అనే లింకులన్నీ లాగిన్ వివరాలు కాజేయడానికి పెట్టినవే. ఆఫీసులో మీకు జరిగే ఫిషింగ్ పరీక్షనే ఇంట్లోనూ పెట్టండి. అసలు మెసేజీ ఒకటి, నకిలీది ఒకటి పక్కపక్కన చూపించి ఏది దొంగదో కనిపెట్టమనండి. అక్షరదోషాలు, తొందరపెట్టే మాటలు, తేడాగా ఉన్న వెబ్ చిరునామా, ఇవన్నీ పిల్లలు మనకంటే వేగంగా పట్టేస్తారు.

ఈ వయసులోనే జరిగే ఒక పొరపాటు గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇన్‌స్టాగ్రామ్ నిబంధనల ప్రకారం ఖాతాకు పదమూడేళ్లు నిండాలి. ఐదో తరగతి పాప అడిగితే కాదనలేక మనమే పక్కన కూర్చుని పుట్టిన సంవత్సరం 1998 అనో 2000 అనో కొట్టి ఖాతా తెరిచి ఇస్తాం. పదేళ్ల పాప ఆ క్షణం నుంచి కంపెనీ లెక్కలో పెద్దావిడ. టీనేజర్ల కోసం ఇన్‌స్టాగ్రామ్ 2025 ఫిబ్రవరిలో భారత్‌కు తెచ్చిన టీన్ అకౌంట్లలో ఖాతా మొదటినుంచే ప్రైవేటుగా ఉంటుంది, అపరిచితుల మెసేజీలు రావు, పదహారేళ్ల లోపు వాళ్లు ఆ కట్టుబాట్లు సడలించుకోవాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. పుట్టిన సంవత్సరం అబద్ధం చెప్పిన ఖాతాకు ఆ రక్షణ అందకుండా పోయే ప్రమాదం ఉంది. అపార్టుమెంట్ గేటు దగ్గర విజిటర్‌కు ఓటీపీ లేనిదే లోపలికి రానివ్వం. పాప ఖాతాకు మాత్రం గేటు మనమే తీసిపెడుతున్నాం. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి కావాలంటుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ఆ సమ్మతి బాధ్యతలు కంపెనీల మీద పడటానికి మాత్రం అప్పటినుంచి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. చట్టం కాపాడుతుందని మనం కూర్చోలేం.

పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్ల సంగతి తర్వాత విడిగా చెప్తాను. ముందు పదిహేను దాటినవాళ్ల గురించి రెండు మాటలు. ఫోన్లో రహస్యంగా నిఘా యాప్ పెట్టే తల్లిదండ్రులు ఈ ఐటీ కారిడార్‌లో చాలామంది ఉన్నారు, టెక్నాలజీ చేతిలో ఉంది కదా అని. నాకు అది నచ్చదు. ఎనిమిదేళ్ల పిల్లకు గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటి యాప్ ఆమెకు చెప్పే పెట్టండి, తప్పులేదు. పదహారేళ్ల కుర్రాడి మెసేజీలు చాటుగా చదివితే ఏదో ఒకరోజు దొరికిపోతారు. ఆ తర్వాత వాడు రెండో ఖాతా తెరుస్తాడు, అది మీకు ఎప్పటికీ కనిపించదు. ఈ వయసువాళ్లకు విడిగా చెప్పాల్సిన ముప్పు ఒకటుంది. "నీ బ్యాంకు ఖాతా వారం రోజులు ఇవ్వు, కమిషన్ ఇస్తాం" అని ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లల్ని అడుగుతారు. సైబర్ దొంగలు దోచిన డబ్బు తిప్పడానికి వాడేది ఆ ఖాతాల్నే. పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికి. పాకెట్‌మనీ కోసం చేసిన పనికి పిల్లాడు నిందితుడవుతాడు.

పదకొండు నుంచి పద్నాలుగు

తల్లిదండ్రులు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఇక్కడ. తక్కువ మాట్లాడేదీ ఇక్కడే.

వల ఎలా వేస్తారో పిల్లలకు ముందే కథలాగా చెప్పాలి. గేములో వాయిస్ చాట్‌లో పరిచయం అవుతారు. బాగా ఆడుతున్నావని మెచ్చుకుంటారు, ఒక స్కిన్ బహుమతిగా ఇస్తారు. కొన్నాళ్లకు "ఇక్కడ వద్దు, ఇన్‌స్టాలో మాట్లాడుకుందాం" అంటారు, అక్కడినుంచి టెలిగ్రామ్‌కో స్నాప్‌చాట్‌కో తీసుకెళ్తారు. గేమ్ కంపెనీ కన్ను పడని చోటికి మార్చడమే వాళ్ల పని. తమ వయసు అమ్మాయినో అబ్బాయినో అని నమ్మిస్తారు. ముందు తామే ఒక ఫొటో పంపుతారు. అది ఎవరిదో, ఎక్కడిదో. తర్వాత నీదీ పంపమంటారు. పంపిన మరుక్షణం గొంతు మారుతుంది. పిల్లల ఫాలోవర్ల జాబితా స్క్రీన్‌షాట్ తీసి చూపిస్తారు. "ఇదిగో మీ అక్క, ఇదిగో మీ క్లాస్ టీచర్. అయిదు వేలు పంపు, లేకపోతే వీళ్లందరికీ ఇప్పుడే పంపిస్తా" అంటారు. మగపిల్లలకు ఇది జరగదని చాలామంది అనుకుంటారు. డబ్బు కోసం బెదిరించే ముఠాలు ఎక్కువగా వల వేసేది మగపిల్లల మీదే.

ఇప్పుడు అసలు ఫొటో కూడా అవసరం లేదు. స్కూలు యాన్యువల్ డే గ్రూప్ ఫొటో నుంచి ముఖం తీసుకుని ఏఐ యాప్‌తో అసభ్యచిత్రం తయారుచేస్తున్నారు. చేసేది ఎక్కడో ఉన్న ముఠా కావచ్చు, పక్క బెంచీ కుర్రాడు కావచ్చు. అందుకని మీ అబ్బాయికి ఇంకొకటి కూడా చెప్పాలి: అలాంటి చిత్రం చేయడం, పంపడం, ఫోన్లో ఉంచుకోవడం నేరం. పిల్లల అశ్లీల దృశ్యాలను దాచుకోవడమూ చూడటమూ పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఐటీ చట్టం 67బీ సెక్షన్ కూడా ఉంది. సరదాకి చేశానంటే కుదరదు.

ఇది చెప్పడానికి ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తే పిల్లలు నేల చూస్తారు. కారులో వెళ్తున్నప్పుడు చెప్పండి. గచ్చిబౌలి నుంచి కూకట్‌పల్లి వెళ్లే ట్రాఫిక్‌లో మనకు టైముకు కొదవేమీ లేదు, ఇద్దరూ రోడ్డు వైపే చూస్తుంటారు కాబట్టి మొహమాటమూ ఉండదు.

జరిగిపోతే

పిల్ల ఏడుస్తూ వచ్చి చెప్పింది. మొదటి మాట "మంచిపని చేశావు, ఇక నేనున్నాను" అన్నదే అయివుండాలి. కోపం, బాధ అన్నీ బాత్‌రూమ్‌లోకి వెళ్లి తీర్చుకోండి.

డబ్బు పంపవద్దు. ఒకసారి పంపితే అడగడం ఆగదు, మొత్తం పెరుగుతుంది. చాట్ డిలీట్ చేయవద్దు. అవతలివాడి యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, ఫోను నంబరు, యూపీఐ ఐడీ, బెదిరింపు మెసేజీలు స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాతే రిపోర్ట్, బ్లాక్. కంగారులో ఖాతానే తీసేయడం అందరూ చేసే తప్పు, దాంతో సాక్ష్యమూ పోతుంది. ఇంకో ముఖ్యమైన మాట. ఆ అసభ్యచిత్రాన్ని సలహా కోసమనో, సాక్ష్యం కోసమనో బాబాయికో, లాయర్ స్నేహితుడికో, స్కూలు గ్రూపులోనో పంపవద్దు. సొంత బిడ్డ చిత్రమైనా సరే, పంపడం మిమ్మల్నే చిక్కుల్లో పడేస్తుంది. అది ఉన్న ఫోను పోలీసులకు చూపించండి.

డబ్బు పోయివుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకుల్లో ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద జరిగే నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది, పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయొచ్చు. పిల్లల కోసం 1098, అత్యవసరానికి 112 ఉన్నాయి. చిత్రం బయటికి పాకుతుందన్న భయం ఉంటే అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం నడిపే 'టేక్ ఇట్ డౌన్' సేవ ఉచితం. పద్దెనిమిదేళ్ల లోపు తీసిన చిత్రాలకు అది పనిచేస్తుంది. చిత్రం మీ ఫోను దాటి వెళ్లదు, దాని నుంచి పుట్టించిన ఒక సంకేతసంఖ్య మాత్రమే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వేదికలు ఆ సంఖ్యతో పోల్చి చిత్రాన్ని పట్టుకుంటాయి. వాట్సాప్ వ్యక్తిగత చాట్లలో తిరిగేదాన్ని మాత్రం అది ఆపలేదు.

చాలామంది పోలీసుల దాకా వెళ్లనిది పరువు కోసం. పరువు గురించి ఒక్కసారి చట్టం ఏమంటుందో చూడండి. పోక్సో ప్రకారం పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, ఆమె యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. పేరు, ఫొటో, బడి వివరాలు పత్రికల్లో రాకూడదు. ఏ స్టేషన్‌కు వెళ్లినా ఫిర్యాదు నమోదు చేయాలి, మీ ఇల్లు తెల్లాపూర్‌లో, ఆఫీసు రాయదుర్గంలో అన్న పేచీ అక్కర్లేదు. 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రాల్లో పోలీసు, వైద్యం, న్యాయసలహా, కౌన్సెలింగ్ ఒకే చోట దొరుకుతాయి.

అన్నీ అయ్యాక, నాలుగు రోజులు గడిచాక, పిల్ల నిద్రపోగలుగుతోందని నమ్మకం కుదిరాక పాఠం చెప్పండి. ఎక్కడ తప్పటడుగు పడిందో, ఈసారి ఏ దగ్గర ఆగాలో అడగండి, ఆమెనే చెప్పనివ్వండి.

పిల్లల్నే మాస్టార్లను చేయండి

బోధనలో తెలిసిన సంగతే. ఇంకొకరికి నేర్పినవాడికే పాఠం నిలుస్తుంది. మీ ఇంట్లో శిష్యులు సిద్ధంగా ఉన్నారు. కరీంనగర్ నుంచో భీమవరం నుంచో వచ్చి ఉంటున్న అమ్మమ్మ, తాతయ్య. 'డిజిటల్ అరెస్ట్' అని వీడియో కాల్‌లో బెదిరించి పెద్దవాళ్ల పింఛను డబ్బులు ఊడ్చేసే మోసం గురించి ప్రధాని 2024 అక్టోబరు 'మన్ కీ బాత్'లో మాట్లాడాల్సి వచ్చింది. వాట్సాప్‌లో పెళ్లిపత్రిక పేరుతో ఏపీకే ఫైలు, అంటే యాప్‌ను ఫోన్లో దించే ఫైలు వచ్చి, నొక్కి ఇన్‌స్టాల్ చేయగానే ఫోను దొంగల చేతికి వెళ్లే మోసం ఇంకొకటి. "అమ్మమ్మ ఫోనుకు నువ్వే సెక్యూరిటీ ఆఫీసర్‌వి" అని పన్నెండేళ్ల మనవరాలికి పని అప్పగించండి. ఆదివారం పూట ఇద్దరూ కూర్చుని ఆ వారం వచ్చిన మెసేజీలు చూడాలి. గొంతు నకలు చేసి ఫోన్ చేసేవాళ్లు బయల్దేరారు కాబట్టి ఇంటికి ఒక రహస్యపదం కూడా ఆ పిల్లనే ఎంచమనండి. ఎవరు డబ్బడిగినా ముందు ఆ మాట చెప్పాలి.

ఈ పద్ధతిని తెలంగాణలో పెద్ద ఎత్తున ప్రయత్నించారు కూడా. 2021లో స్వాతి లక్రా నాయకత్వంలోని పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ, సికింద్రాబాద్‌కు చెందిన యంగ్ ఒరేటర్స్ క్లబ్ కలిసి 'సైబర్ కాంగ్రెస్' మొదలుపెట్టాయి. 33 జిల్లాల్లోని 1,650 ప్రభుత్వ బడుల నుంచి 3,300 మంది పిల్లల్ని ఎంచి, శిక్షణ ఇచ్చి సైబర్ అంబాసిడర్లను చేశారు. తోటి పిల్లలకూ, ఇంటివాళ్లకూ నేర్పడం వాళ్ల పని.

గమనించారా, అవి ప్రభుత్వ బడులు. గేటెడ్ కమ్యూనిటీ ఇళ్లలో పనిచేసే అక్కల పిల్లలు, సెక్యూరిటీ గార్డుల పిల్లలు చదివే బడులు. లక్షల్లో ఫీజు కట్టించుకునే బడుల్లో కోడింగ్ ఉంటుంది, రోబోటిక్స్ ఉంటుంది. దొంగ ఐడీతో ఎవరైనా ఫొటో అడిగినప్పుడు ఎలా కాదనాలో నేర్పే పీరియడ్ ఎన్నింట్లో ఉందో మీ పిల్లల టైంటేబుల్ తీసి చూడండి.

మీ అపార్టుమెంట్ అసోసియేషన్ మీటింగులో ఈసారి పార్కింగు గొడవ కాసేపు పక్కనపెట్టి ఒక తీర్మానం చేయించండి. దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లి హెడ్మాస్టరుగారిని కలవండి. ఆ బడి పిల్లల్ని ఒక శనివారం మీ క్లబ్‌హౌస్‌కు పిలవండి, మీ పిల్లల్ని వాళ్ల ముందు కూర్చోబెట్టండి. మీలో సెక్యూరిటీ ఉద్యోగాలు చేసేవాళ్లు నెలకొక శనివారం ఆ బడికి వెళ్లండి. కావాల్సిన పాఠాల కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సమాచార భద్రతా అవగాహన పథకం కింద పిల్లల కోసం తయారైన పుస్తకాలు, పోస్టర్లు మన హైదరాబాద్ సీ-డాక్ దగ్గరే ఉన్నాయి, తెలుగులోనూ దొరుకుతాయి.